విదేశీ సైట్‌లో ధర ఒకటి, గుమ్మం దగ్గర బిల్లు ఇంకొకటి

విజయనగరంలో వయొలిన్ నేర్చుకునేవారికీ నేర్పేవారికీ కొరత లేదు. ద్వారం వెంకటస్వామి నాయుడు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన మహారాజా సంగీత కళాశాల ఉన్న ఊరది. కచేరీ స్థాయికి వచ్చినవారు కోరుకునే తీగలు మాత్రం ఎక్కువగా ఆస్ట్రియా, జర్మనీ దేశాలలో తయారవుతాయి. కావలసిన రకం, కావలసిన మందం స్థానిక దుకాణంలో దొరకనప్పుడు నేరుగా జర్మనీ దుకాణం సైట్‌లోనే ఆర్డర్ పెట్టడం ఇప్పుడు మామూలైంది. అరవై యూరోల సెట్టు కదా, ఆరేడు వేలలో పని అయిపోతుందని లెక్క వేసుకున్నవారికి అన్నీ కలిపి పదకొండు వేలు దాటిపోయిన సందర్భాలు ఉంటాయి. అప్పుడు సాధారణంగా వినిపించే మాట, ‘అంతా కస్టమ్స్ వాళ్లే మింగేశారు’ అన్నది. ఆ మాటలో నిజం సగం కంటే తక్కువే. చిన్న పార్శిల్ విషయంలో పన్ను కంటే పన్ను కాని ఖర్చులే ఎక్కువ బరువు మోపుతాయి. పైగా పన్నును ముందే కాగితం మీద లెక్క కట్టుకోవచ్చు, తక్కిన వాటిని అంత సులభంగా కట్టుకోలేము.

ముందుగా తెర మీద కనిపించే ధర ఏమిటో చూద్దాం. మన దేశంలో ప్యాకెట్ మీద ముద్రించే గరిష్ఠ చిల్లర ధరలో అన్ని పన్నులూ కలిసే ఉండాలని లీగల్ మెట్రాలజీ నిబంధనలు చెబుతున్నాయి. జర్మనీలోనూ అంతే, అక్కడి వినియోగదారుడికి చూపే ధరలో 19 శాతం విలువ ఆధారిత పన్ను, అంటే వ్యాట్, కలిసి ఉంటుంది. అమెరికాలో అలా కాదు. అక్కడ బల్ల మీద కనిపించే ధరకు అమ్మకపు పన్ను బిల్లు దగ్గర తోడవుతుంది, అది డాలస్‌లో 8.25 శాతం, ఆరెగాన్ రాష్ట్రంలో అసలు లేదు. కనుక అమెరికాలో ఉన్న కొడుకు చెప్పిన ధరనూ, శ్రీకాకుళం దుకాణంలో చెప్పిన ధరనూ పక్కపక్కన పెట్టి ‘అక్కడ ఎంత చవకో’ అనుకోవడంలో మొదటి పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ఒకటి పన్ను లేని ధర, రెండోది పన్నుతో కలిసిన ధర.

ఐరోపా నుంచి కొనేవారికి ఇందులో ఒక మేలు దాగి ఉంది. వస్తువు ఐరోపా సమాఖ్య దాటి బయటికి వెళ్లిపోతే దానిపై అక్కడి వ్యాట్ వేయనవసరం లేదు. చిరునామా దగ్గర భారతదేశం అని ఎంచుకోగానే 71.40 యూరోల ధర 60 యూరోలకు దిగే సైట్లు ఉన్నాయి. దించని సైట్లు కూడా ఉన్నాయి. చిన్న అమ్మకందారులు చాలామంది ఎగుమతి కాగితాల బెడద ఎందుకని అందరికీ ఒకే ధర పెడతారు. అలాంటి చోట కొంటే జర్మనీ ప్రభుత్వానికి కట్టనక్కరలేని పన్ను కట్టడమే కాక, ఆ పన్నుతో కలిసిన ఇన్వాయిస్ విలువ మీద మన దేశపు పన్ను కూడా మళ్లీ కట్టవలసి వస్తుంది. చెల్లింపు బటన్ నొక్కేముందు చూడవలసిన మొదటి విషయం ఇదేనని నా అభిప్రాయం.

ఇక పార్శిల్ మన దేశంలో దిగిన తరువాత సంగతి. కస్టమ్స్ అధికారి పన్ను వేసేది వస్తువు ధర ఒక్కదాని మీద కాదు, ధరకు రవాణా ఖర్చు, బీమా కలిపిన విలువ మీద. దీనికి ఆధారం 1962 నాటి కస్టమ్స్ చట్టంలోని 14వ సెక్షన్, 2007 నాటి విలువ నిర్ధారణ నియమాలు. ఈ నియమాలలో కొనుగోలుదారుకు పనికివచ్చే చిన్న వెసులుబాటు ఒకటి ఉంది. విమానంలో వచ్చిన సరుకుకు రవాణా ఖర్చు ఎంతైనా సరే, పన్ను లెక్కలో దాన్ని వస్తువు విలువలో 20 శాతానికి మించి కలపకూడదు. ఆరు వేల రూపాయల వస్తువుకు రెండు వేలు రవాణా కట్టినా లెక్కలోకి వచ్చేది 1,200 రూపాయలే. మరోవైపు, రవాణా ఖర్చు ఎంతో తెలియనప్పుడు అదే 20 శాతాన్ని, బీమా ఎంతో తెలియనప్పుడు 1.125 శాతాన్ని ఊహించి కలుపుతారు. ‘ఉచిత డెలివరీ’ అని సైట్ చెప్పినంత మాత్రాన పన్ను లెక్కలో రవాణా సున్నా అవుతుందని భరోసా పెట్టుకోకూడదు. డాలరునో యూరోనో రూపాయల్లోకి మార్చేది కూడా ఆ రోజు గూగుల్‌లో కనిపించే రేటుతో కాదు, కస్టమ్స్ బోర్డు తానే ప్రకటించే మారకపు రేటుతో.

ఆ విలువ మీద మూడు అంతస్తుల పన్ను లేస్తుంది. మొదటిది ప్రాథమిక కస్టమ్స్ సుంకం. రెండోది 2018 బడ్జెట్‌తో వచ్చిన సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి, ఇది మినహాయింపు లేని వస్తువులకు ఆ సుంకంలో పదో వంతు. మూడోది ఐజీఎస్‌టీ, అంటే దిగుమతి సరుకు మీద పడే సమీకృత వస్తు సేవల పన్ను. జనం తికమక పడేది ఈ మూడోదాని దగ్గరే, ఎందుకంటే అది వస్తువు విలువ మీద మాత్రమే కాక, విలువకు పై రెండూ కలిపిన మొత్తం మీద పడుతుంది. సుంకం పది శాతం, ఐజీఎస్‌టీ పద్దెనిమిది శాతం అయితే రెండూ కలిపి ఇరవై ఎనిమిది అనుకునే లెక్క అందుకే తప్పుతుంది.

తీగల సెట్టునే తీసుకుని చూద్దాం. లెక్క తేలికగా ఉండటానికి యూరో వంద రూపాయలనీ, సుంకం 10 శాతమనీ, ఐజీఎస్‌టీ 18 శాతమనీ అనుకుందాం. వ్యాట్ తీసేసిన ధర 6,000 రూపాయలు, లెక్కలోకి వచ్చే రవాణా 1,200, బీమా 67.50, మొత్తం 7,267.50. దానిపై సుంకం 726.75, సర్‌ఛార్జి 72.68. ఈ మూడూ కలిపితే 8,066.93, దాని మీద 18 శాతం చొప్పున ఐజీఎస్‌టీ 1,452.05. అంటే ప్రభుత్వానికి చేరేది దాదాపు 2,251 రూపాయలు, విలువలో 28 శాతం కాదు, 31 శాతం. అదే దుకాణం వ్యాట్ తీసివేయకుండా 71.40 యూరోలకే అమ్మి ఉంటే ధరలో 1,140, దాని వల్ల పెరిగే మన పన్నులో సుమారు 428, వెరసి 1,568 రూపాయలు ఏ ఉపయోగమూ లేకుండా అదనంగా పోయేవి.

ఇప్పుడు పన్ను కాని ఖర్చులు. ఎక్స్‌ప్రెస్ కొరియర్ కంపెనీలు మన తరఫున సుంకాన్ని ముందుగా కట్టేసి సరుకు విడిపిస్తాయి, ఆ సేవకు వేరే రుసుము, ఆ రుసుము మీద 18 శాతం జీఎస్‌టీ వసూలు చేస్తాయి. కంపెనీని బట్టి పేరు మారుతుంది కానీ రుసుముకు ఒక కనీస మొత్తం ఉండటం మాత్రం మామూలే. దాన్ని 750 రూపాయలు అనుకుంటే పన్నుతో 885 అవుతుంది. ఇక బ్యాంకు. విదేశీ కరెన్సీలో కార్డు చెల్లింపు జరిగినప్పుడు చాలా బ్యాంకులు 3.5 శాతం వరకూ మార్కప్, అంటే కరెన్సీ మార్పిడికి అదనపు రుసుము, తీసుకుంటాయి, దాని మీద కూడా జీఎస్‌టీ ఉంటుంది. నిజంగా కట్టిన రెండు వేల రవాణాతో కలిపి 8,000 రూపాయల చెల్లింపుకు ఇది 330. అన్నీ కూడితే సెట్టు ఇంటికి చేరేసరికి 11,466 రూపాయలు. ఆరు వేల మీద పెరిగిన 5,466లో దిగుమతి సుంకం, పన్ను 2,251 మాత్రమే, మిగిలిన 3,215 రవాణా, కొరియర్, బ్యాంకు ఖర్చులు, వాటి మీది జీఎస్‌టీ.

కొన్ని సైట్లు చెల్లింపు సమయంలో ‘మీ కరెన్సీలోనే చెల్లించండి’ అని రూపాయల మొత్తం చూపుతాయి. చూడటానికి హాయిగా ఉంటుంది. ఆ మార్పిడి రేటును నిర్ణయించేది మన బ్యాంకు కాదు, అమ్మకందారు తరఫు సంస్థ, అది సాధారణంగా మనకు నష్టమే. విదేశీ వ్యాపారికి చెల్లింపు అన్న కారణంతో పైన మార్కప్ వేసే కార్డులూ ఉన్నాయి. ఇంకొక సంగతి, రిజర్వ్ బ్యాంక్ 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం కొత్త కార్డులు విదేశీ చెల్లింపులకు మూసి ఉంచే వస్తాయి, ఆ సదుపాయాన్ని యాప్‌లో మనమే తెరుచుకోవాలి.

పై లెక్క నుంచి తేలే ఉపాయం ఒకటి ఉంది. ముగ్గురు కలిసి మూడు సెట్లు ఒకే పార్శిల్‌లో తెప్పించుకున్నారనుకుందాం. తీగలు తేలిక కనుక రవాణా అదే రెండు వేలు అనుకుంటే సరుకు 18,000, పన్ను విలువ 20,202.50, పన్ను సుమారు 6,259, కొరియర్ రుసుము 885, బ్యాంకు 826. మొత్తం 27,970, అంటే సెట్టుకు 9,323. ఒంటరిగా కొన్నదానికంటే ఒక్కొక్కరికి రెండు వేలకు పైగా మిగులు. పన్ను శాతంలో పైసా తేడా రాలేదు, తగ్గింది స్థిర ఖర్చుల వాటా. దీనికి ఒక హద్దు ఉందని మాత్రం మరిచిపోకూడదు. పరిమాణం చూసి ఇది సొంత వాడకానికి కాదు, అమ్మకానికి అని అధికారికి అనిపిస్తే వ్యాపారం కోసం సరుకు తెప్పించేవారికి ఉండవలసిన ఎగుమతి దిగుమతుల కోడ్ అడుగుతారు, అది లేకపోతే సరుకు ఆగిపోతుంది. మూడు సెట్లకు ఎవరూ అడ్డు చెప్పకపోవచ్చు, ముప్పై సెట్లయితే సంగతి వేరు.

ఒకే రకం వస్తువుకు ఇద్దరికి వేర్వేరు పన్ను పడటం కూడా తరచూ అనుమానాలకు దారి తీస్తుంది. ఇందులో సాధారణంగా అక్రమమేమీ ఉండదు. కస్టమ్స్ టారిఫ్‌లో, అంటే సుంకాల పట్టికలో, ప్రతి వస్తువుకూ తనదైన శీర్షిక, తనదైన రేటు ఉంటాయి. వీటికి తోడు వ్యక్తిగత వినియోగానికి వచ్చే వస్తువులన్నింటినీ ఒకే గాటన కట్టే 9804 అనే శీర్షిక కూడా ఉంది. పార్శిల్‌ను దేని కింద లెక్కించారన్న దాన్నిబట్టి మొత్తం మారుతుంది. ఈ 9804 మీద రేటు చాలాకాలం బరువుగానే ఉండేది. 2021లో కరోనా రెండో ఉధృతిలో ప్రాణం మీదికి వచ్చి విదేశాల నుంచి ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు సొంతంగా తెప్పించుకున్నవారి మీద కూడా 28 శాతం ఐజీఎస్‌టీ పడటంతో పెద్ద చర్చ జరిగింది, ఆ ఏడాది మే నెలలో ఆ యంత్రాలకు దాన్ని 12 శాతానికి దించారు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్‌టీలో 12, 28 శాతం శ్లాబులు ఎత్తివేయడంతో ఎక్కువ వస్తువులు 5, 18 శాతాల్లోకి సర్దుకున్నాయి. వ్యక్తిగత వినియోగ వస్తువుల టారిఫ్ రేటును 20 నుంచి 10 శాతానికి తగ్గించాలని 2026–27 కేంద్ర బడ్జెట్ ప్రతిపాదించింది. పాత రోజుల్లో దెబ్బ తిని ‘మనకెందుకు’ అని మానుకున్నవారు మళ్లీ లెక్క వేసుకోవచ్చు.

కొన్ని వస్తువుల లెక్క పూర్తిగా వేరు. ల్యాప్‌టాప్ మీద ప్రాథమిక సుంకం సున్నా, ప్రపంచ వాణిజ్య సంస్థలో సమాచార సాంకేతికత ఒప్పందానికి మన దేశం కట్టుబడి ఉండటం దానికి కారణం. దాని సొంత శీర్షిక కింద ఐజీఎస్‌టీ మాత్రం ఉంటుంది. 2023 ఆగస్టులో ల్యాప్‌టాప్‌ల దిగుమతిపై లైసెన్సు నిబంధన తెచ్చినప్పుడు కూడా ఈ-కామర్స్ సైట్ నుంచి పోస్టులోనో కొరియర్‌లోనో వచ్చే ఒక్క ల్యాప్‌టాప్‌కు మినహాయింపు ఇచ్చారు. సెల్‌ఫోన్ మీద సుంకం 2024 జులై బడ్జెట్‌లో 20 నుంచి 15 శాతానికి తగ్గింది. అచ్చు పుస్తకాలకు జీఎస్‌టీ లేదు, 2019 జులైలో 5 శాతం సుంకం మాత్రం వచ్చింది. సాఫ్ట్‌వేర్ చందాల వంటివి ఏ రేవూ దాటవు కనుక కస్టమ్స్ ఉండదు, విదేశీ సంస్థే 18 శాతం జీఎస్‌టీ వసూలు చేసి మన ప్రభుత్వానికి కట్టాలి.

తక్కువ విలువ పార్శిల్‌కు పన్ను ఉండదనే నమ్మకం మన వైపు గట్టిగా ఉంది. అది అమెరికా గురించి విన్న మాట. అక్కడ 800 డాలర్ల లోపు పార్శిళ్లకు సుంకం లేని ఏర్పాటు ఉండేది, దాన్ని 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ ఎత్తివేశారు. పొందూరు ఖద్దరు చీర అమెరికాలో ఉన్న కస్టమరుకు పంపే చిన్న వ్యాపారికి దెబ్బ తగిలింది అక్కడే. ఆ తేదీకి కాస్త ముందు మన తపాలా శాఖ అమెరికా పార్శిళ్లను ఆపివేసి, సుంకం ముందే వసూలు చేసే ఏర్పాటు కుదిరాక అక్టోబరులో మళ్లీ మొదలుపెట్టింది. ఐరోపా సమాఖ్య కూడా 22 యూరోల లోపు వస్తువులకు ఉన్న వ్యాట్ మినహాయింపును 2021 జులై 1 నుంచి తొలగించింది. మన దేశంలో సొంతానికి కొన్న సరుకుకు అలాంటి ఉదారమైన పరిమితి లేనే లేదు.

కానుక అని రాయించుకుంటే సరిపోతుందన్నది మరో నమ్మకం. దీనికి ఒకప్పుడు ఆధారం ఉండేది, 5,000 రూపాయల లోపు కానుకలకు సుంకం లేదు. ఈ సందును వాడుకుని కొన్ని విదేశీ షాపింగ్ యాప్‌లు అమ్మిన సరుకునే కానుకలుగా ముక్కలు ముక్కలుగా పంపసాగాయి. ఫలితంగా విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ 2019 డిసెంబరులో కానుకల పేరుతో సుంకం లేకుండా వచ్చే దారిని మూసివేసింది. ప్రాణరక్షక మందులకూ రాఖీలకూ మాత్రమే మినహాయింపు మిగిలింది, రాఖీతో వచ్చే మిగతా బహుమతులకు కూడా లేదు. పూర్తి సుంకం కడితే కానుకనూ తెప్పించుకోవచ్చు. యాప్‌ల వాళ్లు చేసిన పనికి బహ్రెయిన్ నుంచి పిల్లలకు బొమ్మ పంపే సోంపేట తండ్రి కూడా మూల్యం చెల్లించవలసి రావడం న్యాయమేనా అంటే నాకైతే కాదనిపిస్తుంది, కానీ నిబంధన అదే. ప్రయాణికుడు తన సామానుతో పాటు తెచ్చే వస్తువులకు వర్తించేవి వేరే నియమాలు. ఉదాహరణకు, పద్దెనిమిదేళ్లు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్‌ను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు.

విలువ తగ్గించి రాయమని అమ్మకందారును అడగడం అన్నింటికంటే ప్రమాదకరం. ఆ వస్తువు ధర అదే సైట్‌లో అధికారికి కూడా కనిపిస్తుంది. అనుమానం వస్తే చూపిన విలువను తోసిపుచ్చే అధికారం, సరుకును స్వాధీనం చేసుకుని జరిమానా వేసే అధికారం చట్టమే ఇచ్చింది. పైగా దారిలో పార్శిల్ పోతే పరిహారం వచ్చేది కూడా ఆ తగ్గించి రాసిన విలువకే.

పన్ను కట్టినా రాని వస్తువులు కూడా ఉన్నాయి. డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరిలోనే నిషేధించారు, పెళ్లి వీడియోల కోసం విదేశీ సైట్‌లో ఆర్డర్ పెడితే సరుకూ సొమ్మూ రెండూ ఇరుక్కుంటాయి. ఈ-సిగరెట్లు 2019 నుంచి నిషేధం. ఉద్దానం వైపు తోటల రైతులు గమనించవలసింది విత్తనాల సంగతి. విదేశీ సైట్‌లో వంద రూపాయలకు కనిపించే పండ్ల మొక్కల విత్తనాలకు కూడా 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి పత్రం, పంపిన దేశం ఇచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. కొబ్బరికీ జీడికీ ఒక కొత్త పురుగు అంటుకుంటే ఏమవుతుందో తెలిసిన ప్రాంతం కనుక ఈ ఒక్క నిబంధన మీద ఇక్కడివారు విసుక్కోనక్కరలేదు.

పార్శిల్ ఎలా వస్తుందన్నదీ ముఖ్యమే. తపాలా ద్వారా వచ్చేది చెన్నై వంటి చోట ఉన్న విదేశీ తపాలా కార్యాలయంలో కస్టమ్స్ తనిఖీ పూర్తయ్యాక మన ఊరి పోస్టాఫీసుకు చేరుతుంది, సుంకం డెలివరీ సమయంలో పోస్ట్‌మ్యాన్‌కు కట్టవచ్చు. నెమ్మది, కానీ రుసుము తక్కువ. కొరియర్‌లో వేగం ఉంటుంది, ఆధార్ వంటి గుర్తింపు పత్రాలు ముందే అడుగుతారు. పెద్ద మార్కెట్‌ప్లేస్‌లు కొన్ని దిగుమతి ఖర్చులన్నీ ఆర్డర్‌తోనే డిపాజిట్‌గా తీసుకుంటాయి. మొదట చూస్తే ధర ఎక్కువగా కనిపించినా, గుమ్మం దగ్గర మళ్లీ చేయి చాపని ఆ పద్ధతే కొత్తవారికి మేలు.

ఆర్డర్ పెట్టినవారు ఎదురుచూస్తూ ఉంటారని మోసగాళ్లకూ తెలుసు. ‘కస్టమ్స్ నుంచి మాట్లాడుతున్నాం, మీ పార్శిల్ ఆగింది, ఈ నంబరుకు డబ్బు పంపండి’ అనే ఫోన్లు వచ్చేది అందుకే. సుంకం ఎవరి వ్యక్తిగత ఖాతాకూ వెళ్లదు. కస్టమ్స్ నుంచి వచ్చే అధికారిక లేఖ మీద పత్ర గుర్తింపు సంఖ్య ఉంటుంది, అది అసలుదో కాదో బోర్డు వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు.

చివరికి మిగిలేది వస్తువు నచ్చకపోతే, పాడై వస్తే ఏమిటన్న ప్రశ్న. దిగుమతి చేసుకున్న వస్తువును వాడకుండా రెండేళ్లలోపు తిప్పి పంపితే కట్టిన సుంకంలో 98 శాతం వెనక్కి పొందే హక్కు కస్టమ్స్ చట్టం 74వ సెక్షన్‌లో ఉంది. ఆ దిగుమతి వస్తువే ఇప్పుడు వెనక్కి వెళుతోందని అధికారి ముందు రుజువు కావాలి, ఎగుమతి కాగితాలు కావాలి, తిరుగు రవాణా భరించాలి. రెండు వేల సుంకం కోసం ఇంత తతంగం పెట్టుకునేవారు అరుదు. అందుకే చిన్న వస్తువు పాడై వచ్చినప్పుడు అమ్మకందారులు చాలాసార్లు ఫొటో అడిగి, వస్తువు మీ దగ్గరే ఉంచుకోండని చెప్పి ధర వరకు వెనక్కి ఇస్తారు. ఆ సొమ్ములో సుంకం కానీ కొరియర్ రుసుము కానీ బ్యాంకు మార్కప్ కానీ మామూలుగా ఉండవు.